ఉరికంబాలు ఖాళీగా ఉన్న చిత్రం

చిరంజీవికి ఆశీస్సులు.

రష్యన్ చిత్రకారుడు సూరికోవ్ గీసిన చిత్రం ఆధారంగా నువ్వు రాసిన కథను నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. భర్త చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తికి గాలి తగలకుండా భార్య అరచెయ్యి అడ్డుపెట్టిన చోట నా గొంతు పట్టేసింది. మరుక్షణమే నువ్వు గొడ్డలి ఎత్తించి నాలుగు పేజీల పొడవునా నెత్తురు పారించావు. ఆ నాలుగు పేజీల మీద కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ చిత్రాన్ని మరొకసారి చూడు. 1698లో తిరగబడిన స్త్రెల్త్సీ అనే తుపాకీ దళపు సైనికులను చంపడానికి మాస్కో రెడ్ స్క్వేర్‌కు తెచ్చిన ఉదయం అది. సూరికోవ్ దానిని 1881లో పూర్తి చేశాడు. దాదాపు నాలుగు మీటర్ల వెడల్పున్న ఆ కాన్వాసు మీద ఒక్క శవం కూడా లేదు. బురద పట్టిన బండి చక్రాలు, తెల్లచొక్కాలు, కొవ్వొత్తులు, కుడివైపున గుర్రం మీద పీటర్ చక్రవర్తి, గోడవారన ఖాళీ ఉరికంబాలు ఉన్నాయి. సెయింట్ బాసిల్ చర్చిని, క్రెమ్లిన్ గోడను దగ్గరికి జరిపి, చర్చి గోపురాల కొసలను చట్రం బయటికి వదిలేశాడు కాబట్టే అంత పెద్ద మైదానంలోనూ ఆ మనుషులకు ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఎర్రగడ్డపు సైనికుడు కొవ్వొత్తిని పిడికిట బిగించి పీటర్ వైపే చూస్తుంటాడు.

ఎప్పుడో పట్టపగలు తెల్లచొక్కా మీద పడిన కొవ్వొత్తి వెలుగును చూసిన జ్ఞాపకంలోంచి ఈ చిత్రం పుట్టిందని సూరికోవ్ చెప్పుకున్నాడు. చిత్రం సాగుతుండగా తోటి చిత్రకారుడు రేపిన్ వచ్చి, ఒక్కరినైనా ఉరికి వేలాడదీయరాదా అన్నాడట. తగదని తెలిసీ సూరికోవ్ సుద్దముక్కతో ఒక ఆకారం గీశాడు. అప్పుడే గదిలోకి వచ్చిన ఆయా దాన్ని చూసి స్పృహ తప్పి పడిపోయింది. అదే రోజు వచ్చిన చిత్రాల సేకర్త త్రెత్యాకోవ్, చిత్రమంతా పాడుచేసుకుంటావా అని అడిగాడు. సూరికోవ్ ఆ బొమ్మను ఉంచలేదు.

నాకు అంత అదృష్టం దక్కలేదు. నా తొలి కథలో అప్పులపాలైన నేతగాడు ఆఖరి చీరను మగ్గం మీంచి కోసి, మడతపెట్టి, నాడెను గూట్లో పెడతాడు. నేను అక్కడితో ఆపాను. ఒక వారపత్రిక సంపాదకుడు నాతో మాట మాత్రమైనా అనకుండా, దూలానికి వేలాడుతున్న శవాన్ని వర్ణిస్తూ ఒక పేరా చేర్చి అచ్చువేశాడు. పాఠకుడికి గట్టిగా దెబ్బ తగలాలన్నది అప్పటి మోజు, ఇప్పటికీ పోలేదు. మా వీధిలో సగం ఇళ్లలో మగ్గాలుండేవి. ఆ సంచికను నేను ఇంటికి తీసుకువెళ్లలేకపోయాను.

చావును చూపించాక పాఠకుడు ముఖం తిప్పుకుంటాడు. అది ఇంకా రాని నిమిషంలో మాత్రం ఆ మనిషి పక్కనే నిలబడతాడు. నలభై ఏళ్లుగా నేను నమ్మి రాస్తున్నది ఇదే.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఆ మాట తరువాత చూద్దాం. నాలుగు పేజీలూ కొట్టేసి నీ ప్రతిని తిప్పి పంపుతున్నాను. ఆ అరచేతి దగ్గరే ఉండి, ఆమె వేళ్ల సందుల్లోంచి భర్త చొక్కా మీద వెలుగు ఎలా పడిందో రాసి పంపు.