మీటర్‌లో 80 మిల్లీయాంప్‌లే... మరి మాడ్యూల్ ఎందుకు రీసెట్ అవుతోంది?

ప్రశ్న: ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్) మాడ్యూల్‌ను బ్రెడ్‌బోర్డు మీద పెట్టాను. 5 వోల్టుల అడాప్టర్ నుంచి ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజీని తగ్గించి స్థిరంగా ఉంచే చిప్) ద్వారా 3.3 వోల్టులు ఇస్తున్నాను. వైఫై లేని ప్రోగ్రామ్ బాగా నడుస్తోంది. వైఫై ఆన్ చేశానో లేదో, సీరియల్ మానిటర్‌లో ‘బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ (వోల్టేజీ మరీ పడిపోయింది) అని వచ్చి మళ్లీ మొదటికొస్తోంది. మల్టీమీటర్‌లో కరెంటు 80 మిల్లీయాంప్‌లు దాటడం లేదు. మాడ్యూల్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు. మీటర్ చూపిస్తున్నది సగటు. అది సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది. వైఫై ప్యాకెట్ గాల్లోకి వెళ్లడానికి మిల్లీసెకను కూడా పట్టకపోవచ్చు. ఆ కాసేపట్లో ఏం జరిగిందో మీటర్‌కు తెలియదు, చిప్‌కు తెలుస్తుంది.

పవర్ ఇచ్చాక కరెంటు మూడుసార్లు ఎగసిపడుతుంది. మొదటిది బోర్డు మీది కెపాసిటర్లు నిండేటప్పుడు. వైఫై లేని ప్రోగ్రామ్ నడుస్తోంది కాబట్టి మీ ఇబ్బంది దీనితో కాదు. రెండోది రేడియో తనను తాను క్యాలిబ్రేట్ చేసుకునేటప్పుడు (సరిచూసుకునేటప్పుడు). తొలిసారి పూర్తి క్యాలిబ్రేషన్ జరుగుతుంది, ఆ ఫలితం ఫ్లాష్ మెమరీలో దాచుకుంటే తర్వాతి సార్లు పాక్షికంగానే చేస్తుంది. ఫ్లాష్ మొత్తం చెరిపాక మొదటిసారి మాత్రమే రీసెట్ అయ్యే బోర్డులు కనిపించేది అందుకే. మూడోది ప్యాకెట్లు పంపేటప్పుడు: 802.11బి (వైఫైలో ఒక పాత రకం) లో పూర్తి పవర్‌తో పంపితే డేటాషీట్ లెక్కే 240 మిల్లీయాంప్‌లు. సప్లై కనీసం 500 మిల్లీయాంప్‌లు ఇవ్వగలగాలని తయారీదారు చెప్పేది ఇందుకే.

ఆ మెసేజ్‌లోనే ఒక ఆధారం ఉంది. డిఫాల్ట్‌గా బ్రౌనౌట్ పరిమితి సుమారు 2.43 వోల్టులు. అంటే 3.3 నుంచి దాదాపు 0.9 వోల్టు పడిపోయింది! ఆ క్షణంలో 350 మిల్లీయాంప్‌లు లాగుతోందనుకున్నా, అంత పడాలంటే దారిలో రెండున్నర ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉండాలి, లేదా రెగ్యులేటర్ చేతులెత్తేసి ఉండాలి. చిన్న లోపం కాదిది.

రెగ్యులేటర్ సంగతే ముందు చూడండి. ఏఎంఎస్1117కు పూర్తి లోడ్‌లో ఇన్‌పుట్, ఔట్‌పుట్ మధ్య 1.3 వోల్టుల దాకా తేడా కావాలి. అంటే ఇన్‌పుట్ 4.6 వోల్టులకు తగ్గకూడదు. 28 గేజ్ తీగతో చేసిన మీటరు పొడవు యూఎస్‌బీ కేబుల్‌లో రాను పోను 0.43 ఓమ్ ఉంటుంది. 400 మిల్లీయాంప్‌లకు అక్కడే 0.17 వోల్టు పోతుంది. అడాప్టర్ 4.8 ఇస్తుంటే మిగిలేది 4.63. ఆపైన బ్రెడ్‌బోర్డు క్లిప్పులు, సన్నని జంపర్లు! ఇక దీని ఔట్‌పుట్‌కు 22 మైక్రోఫారడ్ల టాంటలమ్ కెపాసిటర్ ఉండాలని డేటాషీట్ చెబుతుంది. 0.1 మైక్రోఫారడ్ ఒక్కటే పెట్టి సరిపెట్టేవాళ్లూ ఉంటారు.

చేయాల్సింది: పవర్ తీగల్ని బ్రెడ్‌బోర్డు నుంచి తప్పించి, పొట్టిగా, లావుగా మాడ్యూల్ 3.3 వోల్టుల పిన్‌కు, గ్రౌండ్‌కు నేరుగా సోల్డర్ చేయండి. అక్కడే సెంటీమీటరు లోపు 0.1, 10 మైక్రోఫారడ్ల సెరామిక్‌లు, 220 మైక్రోఫారడ్ల లో-ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువ ఉన్న) ఎలక్ట్రోలిటిక్ పెట్టండి. సెరామిక్ కనీసం 10 వోల్టుల రేటింగ్‌ది తీసుకోండి. 6.3 వోల్టుల చిన్న సైజు ముక్క, 3.3 వోల్టులు పడగానే తన విలువలో చాలా భాగం పోగొట్టుకుంటుంది.

బ్రౌనౌట్ డిటెక్టర్‌ను ప్రోగ్రామ్‌లో ఆపేయమనే సలహా వింటారు. వద్దు. ఫ్లాష్ చిప్‌లు సాధారణంగా 2.7 వోల్టుల కింద పనికి హామీ ఇవ్వవు. ఆ సమయంలో రాత జరుగుతుంటే డేటా చెడిపోవచ్చు.

ప్రశ్న: ఆసిలోస్కోప్ ఉంది. తప్పు కెపాసిటర్‌లోనా, సప్లైలోనా ఎలా తేల్చాలి?

జవాబు: ముందు వోల్టేజీ చూడండి. ప్రోబ్‌ను మాడ్యూల్ పిన్ల దగ్గరే పెట్టాలి, అడాప్టర్ దగ్గర కాదు. డీసీ కప్లింగ్, డివిజన్‌కు 500 మిల్లీవోల్టులు, 200 మైక్రోసెకన్లు, 3.0 వోల్టుల దగ్గర ఫాలింగ్ ట్రిగర్ (వోల్టేజీ అంతకన్నా దిగగానే పట్టుకునేలా), సింగిల్ మోడ్ (ఒక్కసారి పట్టి ఆగేలా). రెండో ఛానల్ రెగ్యులేటర్ ఇన్‌పుట్ మీద.

కొద్ది మైక్రోసెకన్ల సన్నని గంటు పడి వెంటనే లేస్తే దగ్గరి కెపాసిటర్ చాలలేదు. ప్యాకెట్ ఉన్నంతసేపూ అడుగు చదునుగా కిందే ఉంటే అది రెసిస్టెన్స్ లేదా రెగ్యులేటర్. ఇన్‌పుట్ కూడా పడితే అడాప్టర్, కేబుల్. ఇన్‌పుట్ నిలబడి ఔట్‌పుట్ ఒక్కటే పడితే రెగ్యులేటర్, లేదా అక్కడి నుంచి మాడ్యూల్‌కు వచ్చే తీగలు.

కరెంటు కోసం 0.1 ఓమ్ షంట్ (కరెంటు దారిలో పెట్టే చిన్న రెసిస్టర్) చాలు, 400 మిల్లీయాంప్‌లకు 40 మిల్లీవోల్టులు వస్తాయి. దాన్ని గ్రౌండ్ వైపు పెడితే, మాడ్యూల్‌ను ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో కలపొద్దు. కరెంటు కొంత ఆ కేబుల్ గ్రౌండ్ దారిన పోవచ్చు, షంట్ మీది కొలత తప్పుతుంది. మల్టీమీటర్‌ను మిల్లీయాంప్ రేంజిలో సిరీస్‌లో పెట్టినా గొడవే. దాని లోపలి షంట్, ఫ్యూజ్ కలిసి ఓమ్, రెండు ఓమ్‌లు ఉండొచ్చు. 10 ఆంపియర్ల సాకెట్ వాడండి.

ప్రశ్న: సిమ్800ఎల్ జీఎస్‌ఎం మాడ్యూల్‌కు 5 వోల్టుల అడాప్టర్ నుంచి ఒక డయోడ్ మీదుగా ఇవ్వవచ్చా?

జవాబు: నమ్మకం లేని పద్ధతి. దీనికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య కావాలి. లోడ్ లేనప్పుడు డయోడ్ మీద పడే వోల్టేజీ తగ్గి మాడ్యూల్‌కు 4.4 దాటవచ్చు. పంపేటప్పుడు ప్రతి 4.615 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్లపాటు, 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. తీగల్లో 0.1 ఓమ్ ఉన్నా 0.2 వోల్టు పోయినట్టే. 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్‌ను (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) 4.0 వోల్టులకు సెట్ చేసి, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ల లో-ఈఎస్‌ఆర్ కెపాసిటర్ పెట్టండి.

ప్రశ్న: ఈఎస్‌పీ32కి 4700 మైక్రోఫారడ్లు పెట్టాక అసలు బూటే కావడం లేదు. ఎందుకు?

జవాబు: రెగ్యులేటర్ 0.8 ఆంపియర్లు ఇచ్చినా ఆ కెపాసిటర్ 3.3 వోల్టులకు రావడానికి 19 మిల్లీసెకన్లు పడుతుంది. చిన్న అడాప్టర్ అయితే ఓవర్‌లోడ్ అనుకుని ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగుతుంది. ఈఎన్ (చిప్‌ను ఆన్ చేసే) పిన్ అంతకన్నా ముందే పైకి లేస్తే చిప్ సగం వోల్టేజీలో మేలుకుంటుంది. ఈఎన్‌కు 3.3 వోల్టుల వైపు 10 కిలో ఓమ్‌ల పుల్అప్ రెసిస్టర్, గ్రౌండ్‌కు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయో చూడండి. పెద్ద కెపాసిటర్ తీసేసి 220 లేదా 470కి దిగండి. 300 మిల్లీయాంప్‌ల అదనపు లోడ్‌ను రెగ్యులేటర్ అందుకునేదాకా 100 మైక్రోసెకన్లు మోయాలన్నా, 0.2 వోల్టు తగ్గుదలకు 150 మైక్రోఫారడ్లే లెక్క.