మాస్టారినడుగుదాం: వాగులో బూట్లు విప్పాలా?

ప్రశ్న: మాస్టారూ, డిసెంబరు మొదట్లో నేనూ మా తమ్ముడూ తడ దగ్గర ఉబ్బలమడుగు జలపాతానికి వెళ్దామనుకుంటున్నాం. జనం లేని రోజు చూసుకుని నడుస్తాం. దారిలో వాగు చాలాసార్లు దాటాలట. బూట్లు విప్పి దాటమని ఒకరు, వద్దని ఇంకొకరు అంటున్నారు. నడుముకు తాడు కట్టుకుంటే మంచిదా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: విప్పొద్దమ్మా. ఈ మాట నా కుడికాలి బొటనవేలు చెప్పిస్తోంది. తొలిసారి వెళ్లినప్పుడు కొత్త బూట్లు తడిసిపోతాయని లేసులు ముడేసి మెడలో వేసుకున్నా. పాచిరాయి మీద జారి, వేలు బండల సందులో ఇరుక్కుని గోరు లేచొచ్చింది. ఊళ్లో పిల్లలందరికీ డ్రిల్లు నేర్పినవాణ్ని, కుంటుకుంటూ ఇల్లు చేరా. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. కాన్వాసు బూట్లు వేసుకోండి, నీళ్లు తొందరగా కారిపోతాయి.

బూట్ల కన్నా మీ డిసెంబరే నన్ను కలవరపెట్టింది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. ఓ నవంబరులో మా బావమరిదితో వెళ్లా. పొద్దున వాగు మోకాలి కిందే ఉంది. దాటాక నీటి అంచున తెల్లటి గులకరాయి ఒకటి పెట్టా, అది నా అలవాటు. పైన మడుగు దగ్గర పులిహోర తిని మధ్యాహ్నం వెనక్కి వచ్చేసరికి మా నెత్తిన ఎండ, ఆకాశం నీలంగా ఉంది. గులకరాయి మాత్రం కనిపించలేదు. దానిమీద జానెడు నీళ్లు! టీ రంగులో, ఎండుటాకులూ పుల్లలూ తోసుకుంటూ పోతున్నాయి. ఎక్కడో పైకొండల్లో కురిసిందన్నమాట. "మోకాలు దాటదులే బావా" అన్నాడు వాడు. కర్ర దించి చూశా, చేతిలో వీణ తీగలా వణికింది. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, లోతు అంతే ఉన్నా సరే. బండమీద కూర్చున్నాం. వాడు అలిగాడు. మూడు గంటలకు రాయి మళ్లీ తేలింది.

తాడు నడుముకు కట్టుకోవద్దు. కాలు తప్పితే ఆ తాడే మనిషిని నీటి కింద పట్టి ఉంచుతుంది. భుజాలెత్తు కర్ర చాలు. నీళ్లు వచ్చే వైపు మొహం పెట్టి, కర్ర ఆనించి, పక్కకు ఒక్కో అడుగే. వాగు ఇరుగ్గా ఉన్నచోట దూకాలనిపిస్తుంది, లోతూ వేగమూ అక్కడే ఎక్కువ. వెడల్పుగా పరుచుకుని పారేచోట దాటండి. సంచి నడుం పట్టీ విప్పేయండి, పడితే సంచి పోతుంది, మీరు లేస్తారు. మడుగులో అడుగు రాళ్లు కనబడుతున్నాయి కదా అని మీ తమ్ముణ్ని దూకనివ్వొద్దు. తేటనీళ్లలో లోతు ఉన్నదానికన్నా తక్కువే అనిపిస్తుంది.

సంక్రాంతి దాటాక వెళ్లండి. శివరాత్రికి ఆ అడవిలోనే ఉన్న సిద్ధేశ్వరకోన శివుడి గుడికి జనం పోటెత్తుతారు, మీరు కోరిన ఏకాంతం దొరకదు. ఆ రెంటి నడుమ ఓ మంగళవారమో బుధవారమో, లోపలికి వదులుతున్నారో లేదో అటవీశాఖ వాళ్లను ముందే అడిగి బయల్దేరండి. ఇద్దరే వద్దు, ఇంకో ఇద్దర్ని కలుపుకోండి. పులిహోర పొట్లం చేతిలో పట్టుకుని నడవకండి, కోతులు చూస్తుంటాయి.