మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే, మన ఎండలకీ ఘాట్ రోడ్లకీ చిక్కటి ఆయిల్ పోయించాలా?

మీరు అడిగింది ఇదీ: ఉండేది రాయగడ జిల్లా గుణుపురంలో, 1.2 లీటర్ల పెట్రోల్ కారు కొని ఏడాదిన్నర అయింది, మాన్యువల్‌లో ఇంజన్ ఆయిల్ 0డబ్ల్యూ-20 అని ఉంది. మెకానిక్ మాత్రం "ఇది నీళ్లలా ఉంది, మన ఎండలకీ కొండలకీ ఆగదు, 20డబ్ల్యూ-50 పోసేద్దాం" అంటున్నాడు. వచ్చే వారం సర్వీసు, ఏం చెయ్యాలి అని.

పోయించకండి. మాన్యువల్‌లో రాసిందే పోయించండి. ఇదే పొరపాటు నేను చేసి రెండు చలికాలాలు బండిని బాధపెట్టాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది జయపురం. 2013లో కొన్న చిన్న పెట్రోల్ కారు, దానికి మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది. వారంటీ అయిపోయాక మా వీధి చివరి షెడ్డులో సర్వీసు చేయించడం మొదలుపెట్టాను. అక్కడి మెకానిక్ మంచివాడు, చేతిలో పని ఉన్నవాడు, కానీ ఆ చెయ్యి తిరిగింది లారీల మీద, పాత జీపుల మీద. నేను నెలకి రెండుసార్లైనా సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విజయనగరం వెళ్లొస్తానని తెలిసి 20డబ్ల్యూ-50 పోశాడు. ఇంజన్ శబ్దం కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. నేనూ సంతోషించాను.

సంక్రాంతికి సిమిలిగుడలో మా అత్తవారింటికి వెళ్లాం. జనవరిలో అక్కడ తెల్లారగట్ల చలి ఎలా ఉంటుందో కోరాపుట్ వైపు తిరిగినవాళ్లకి తెలుసు. కొన్నేళ్లు గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. భోగి రోజు అయిదు గంటలకి, పాలు తేవడానికి వెళ్దామని బండి స్టార్ట్ చేశాను. ఎర్రటి ఆయిల్ లైటు వెంటనే ఆరలేదు. బానెట్ కింద నుంచి టకటకమని టాపెట్ల (వాల్వులని తోసే భాగాల) శబ్దం. ఏడెనిమిది సెకన్ల తర్వాత సర్దుకుంది. భోగి మంట దగ్గర నిలబడ్డ మామయ్యగారు అక్కడి నుంచే "ఏం ఆయిల్ పోయించావు నాయనా?" అన్నారు. ఆయన సునాబెడా హెచ్‌ఏఎల్‌లో విమానాల ఇంజన్ల పని చేసి రిటైరయ్యారు.

ఆ రాత్రి ఆయన ఒక స్టీలు పళ్లెంలో ఒక వైపు 20డబ్ల్యూ-50, రెండో వైపు నా పాత డబ్బాలో అడుగున మిగిలిన 5డబ్ల్యూ-30 ఒక్కో చెంచా పోసి అరుగు మీద పెట్టారు. పొద్దున్నే పళ్లెం వంచి చూపించారు. 5డబ్ల్యూ-30 జారి అంచుకి వచ్చేసింది. రెండోది ముదిరిన బెల్లం పాకంలా కదలనా వద్దా అన్నట్టు సాగింది. పక్క కిటికీలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంది. "ఆ ముద్దని పంపు పైకి తోసి, వాల్వులని తెరిచే కామ్ షాఫ్ట్ దాకా తీసుకెళ్లాలి. అది చేరేదాకా ఇనుము ఇనుముతో రాసుకుంటుంది" అన్నారు.

ఇప్పుడు ఆ అంకెల సంగతి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది: ఈ గ్రేడ్లు పెట్టిన ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పద్ధతిలో ఇంజన్ తిప్పే పరీక్ష 0డబ్ల్యూకి మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర చేస్తారు. రెండో అంకె, ఆయిల్ 100 డిగ్రీలకి వేడెక్కాక ఎంత చిక్కగా మిగులుతుందో చెబుతుంది. 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత, అంకె పెరిగితే చిక్కదనం పెరిగినట్టు) మధ్య, 30 అంటే 9.3 నుంచి 12.5, 50 అంటే 16.3 నుంచి 21.9.

మన దగ్గర మైనస్ చలి లేదు కదా, 0డబ్ల్యూ మనకెందుకు అనిపిస్తుంది. నేనూ అదే అడిగాను. 40 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 చిక్కదనం దాదాపు 45 సెంటీస్టోక్స్ ఉంటుంది, 20డబ్ల్యూ-50ది 150 పైనే. అంటే మండు వేసవిలో కూడా, రాత్రంతా ఆగిన బండిలో మీ "నీళ్లలాంటి" ఆయిల్, బాగా వేడెక్కిన 20డబ్ల్యూ-50 కన్నా రెండింతలు చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసే క్షణంలో ఏ ఆయిలైనా ఇంజన్‌కి కావలసిన దానికన్నా చిక్కనే. ఎంత తక్కువ చిక్కగా ఉంటే అంత త్వరగా పైకి చేరుతుంది. మీ మెకానిక్ రెండు వేళ్ల మధ్య రుద్ది చూసినప్పుడు తెలిసేది ఆ వేళ్ల వేడి దగ్గర చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర సంగతి ఏ వేలికీ తెలియదు.

చిక్కటి ఆయిల్‌తో ప్రెషర్ ఎక్కువ ఉంటుంది కదా అని కూడా అంటారు. ఉంటుంది, కానీ చల్లగా ఉన్నప్పుడు ఆ ప్రెషర్ పెరిగేది ఆయిల్ పారలేక. ఒక హద్దు దాటితే పంపు దగ్గరి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్‌ని వెనక్కి పంపేస్తుంది. ఇప్పటి ఇంజన్లలో బేరింగుల సందులు, ఆయిల్ దారులు సన్నం. వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది, దానికి ఆయిల్ చురుగ్గా అందాలి. అంబాసిడర్, పాత జీపుల కాలంలో 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 సరైనవే, ఆ ఇంజన్లు అలా కట్టినవి. మెకానిక్ అబద్ధం చెప్పడం లేదు, వేరే ఇంజన్ సంగతి చెబుతున్నాడు.

ఇక ఎండ. రాయగడలో మే నెల ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ బయట 25 ఉన్నా 43 ఉన్నా థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ కలిసి కూలెంట్‌ని సుమారు 90 దగ్గర పట్టి ఉంచుతాయి. ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 మధ్య ఉంటుంది. బయటి ఎండ వల్ల ఆయిల్‌కి కలిగే తేడా మనం అనుకునేంత ఉండదు.

ఘాట్ సంగతి వేరు. అక్కడ మీ మెకానిక్ భయంలో నిజం ఉంది. సాలూరు నుంచి నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని లారీల వెనక సెకండ్ గేర్‌లో సుంకి దాకా ఎక్కితే ఆయిల్ మామూలు కన్నా వేడెక్కుతుంది. అందుకే బేరింగు దగ్గర ఒత్తిడిలో ఆయిల్ పొర నిలుస్తుందో లేదో 150 డిగ్రీల దగ్గర వేరే పరీక్ష ఉంది: అక్కడ చిక్కదనం (ఇది సెంటీపాయిజ్ అనే వేరే కొలతలో) 20 గ్రేడుకి కనీసం 2.6, 30కి 2.9 ఉండాలి. మీ ఇంజన్ చేసినవాళ్లు ఆ 2.6కి తగ్గట్టే బేరింగులు కట్టారు. అయినా మనసు ఒప్పకపోతే మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తెరవండి. చాలా మాన్యువల్స్‌లో బయటి ఉష్ణోగ్రతతో ఒక పట్టిక ఉంటుంది, 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30 కూడా వాడొచ్చని ఉండొచ్చు. ఉంటే, ఘాట్ ఎక్కువగా తిరిగే మీరు 5డబ్ల్యూ-30 నిశ్చింతగా పోయించుకోవచ్చు, నేనైతే అదే చేస్తాను. ఒక్క 0డబ్ల్యూ-20 మాత్రమే ఉంటే దాన్ని దాటకండి. వారంటీ ఉన్న బండికి వేరే గ్రేడు పోయించి తర్వాత ఇంజన్‌కి ఏమైనా అయితే మాట పడేది మీరే.

లక్షన్నర కిలోమీటర్లు తిరిగి ఆయిల్ తాగుతున్న బండికైతే ఒక మెట్టు పైకి వెళ్లడం సబబే, 5డబ్ల్యూ-30 నుంచి 5డబ్ల్యూ-40కి. మీ బండికి ఇప్పుడు ఆ అవసరం లేదు.

మీ ఇంట్లో బీఎస్6 డీజిల్ బండి కూడా ఉంటే జాగ్రత్త, లారీకి పోసే 15డబ్ల్యూ-40 డ్రమ్ములోంచి దానికి పోయనివ్వకండి. 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ బండ్లలో పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్‌లోని కొన్ని రసాయనాల బూడిద దాన్ని పూడ్చేస్తుంది. డబ్బా మీద మాన్యువల్ చెప్పిన ఏసీఈఏ సీ3 (తక్కువ బూడిద ఆయిల్ అని చెప్పే యూరప్ ప్రమాణం) లాంటి గుర్తు కూడా కలవాలి, చిక్కదనం ఒక్కటీ కలిస్తే చాలదు.

నా బండి సంగతికొస్తే, రెండో చలికాలం అయ్యాక (అవును, మామయ్యగారు చెప్పాక కూడా మరో ఏడాది ఆలస్యం చేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది) 5డబ్ల్యూ-30కి తిరిగొచ్చాను. మర్నాటి పొద్దున్నే ఆయిల్ లైటు తాళం తిప్పగానే ఆరిపోయింది. మైలేజీ కూడా కొద్దిగా పెరిగింది.

వచ్చే వారం సర్వీసుకి వెళ్లేటప్పుడు డబ్బా మీరే కొని తీసుకెళ్లండి, అధీకృత డీలరు దగ్గర, బిల్లుతో. మూత సీలు మీ ఎదురుగా విప్పించండి. పోశాక అయిదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తుడిచి చూడండి, రెండు గీతల మధ్య పైగీతకి దగ్గరగా ఉండాలి, దాటకూడదు. ఖాళీ డబ్బా షెడ్డులో వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చి, మేకుతో అడుగున చిల్లు పెట్టి పారెయ్యండి. అలాంటి ఖాళీ డబ్బాల్లోనే మళ్లీ కల్తీ ఆయిల్ నింపి అమ్ముతారు.