కాటుకకి ఒక పని చెప్పు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వింటే ఏడుపొక్కటే తక్కువ అనిపించింది. నీ లాబ్రడార్ కుక్కపిల్ల కాటుకని పొద్దున గంట, సాయంత్రం గంట వడ్డేపల్లి చెరువు కట్ట మీద తిప్పుకొస్తున్నావు. అయినా ఇంటికి రాగానే కాటుక చెప్పులు కొరుకుతోంది, పరుపు చింపింది, మీ అత్తమ్మ కొంగు పట్టి లాగింది. "ఇంకో గంట పెంచమంటావా పెద్దబాపూ" అని అడిగావు. పెంచొద్దు. ఎందుకో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నువ్వు ఫొటో పంపిన రోజే గమనించాను. కాళ్లు పొడుగు, నడుము సన్నం, మూతి కొంచెం కోసుగా ఉంది. డాగ్ షోల కోసం పెంచే బొద్దు లాబ్రడార్లు వేరు, ఇది పని చేసే వంశంలో పుట్టిన పిల్ల. అసలు ఈ జాతి మొదలైందే పనిలో. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే దీవి ఉంది. అక్కడి జాలర్ల దగ్గర ఉంటూ, జారిపోయిన చేపల్ని, కొట్టుకుపోయే వలల్ని చల్లని సముద్రంలో ఈదుకెళ్లి పట్టుకొచ్చిన కుక్కల సంతానం ఇవి. తర్వాత ఇంగ్లండ్ దొరలు తీసుకుపోయి, తుపాకీతో కొట్టిన పక్షిని నలగకుండా నోట పట్టి తెచ్చేలా తయారు చేసుకున్నారు. 1903లో, కుక్కల జాతుల్ని నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మనిషి చెప్పిన చోటికి పోవడం, వెతకడం, తెచ్చి చేతిలో పెట్టడం దీని రక్తంలో ఉంది. మరి మీ ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా దానికి చేయడానికి ఏముంది? ఏమీ లేకే పరుపు పని పట్టింది.

పరిగెత్తించిన కొద్దీ దాని దమ్ము పెరుగుతుంది. ఈ నెల గంటకు అలసిన కుక్క వచ్చే నెల గంటన్నర అడుగుతుంది. నీ ఆఫీసు టైమేమో పెరగదు, తగ్గదు. నేను 22 ఏళ్లు పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేశాను. మొయినాబాద్ ట్రైనింగ్‌లో అయినా, మేడారం జాతర బందోబస్తులో అయినా నేను చూసింది ఒకటే. మైదానంలో గంట ఉరికినా ఇంకా గెంతులేసే లాబ్రడార్, ముక్కు పెట్టి ఇరవై నిమిషాలు గట్టిగా వెతికితే నీడకు పోయి కాళ్లు చాపి పడుకునేది. ముక్కుతో చేసే పనిలో ఆలోచన ఉంటుంది, ఓపిక ఉంటుంది, దొరికినప్పుడు సంతోషం ఉంటుంది. దాన్ని అలసట అనడం కంటే తృప్తి అంటే సరిపోతుంది.

కాబట్టి రేపు పొద్దున నడక అరగంటకు తగ్గించి, ఇంట్లో ఇది మొదలుపెట్టు.

మూడు అట్టపెట్టెలు తీసుకో, చెప్పుల పెట్టెలైనా సరే. మూతలు తీసెయ్. కాటుకని తలుపు అవతల ఉంచి, ఒక పెట్టెలో ఉడికించిన చికెన్ ముక్క వెయ్యి. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ ఏవీ తగలకూడదు. తలుపు తీసి "వెతుకు" అని ఒక్కసారే చెప్పు. చేత్తో చూపించకు, పెట్టె వైపు నడవకు, అసలు ఆ వైపు చూడను కూడా చూడకు. లాబ్రడార్ మనిషి కళ్లని చదువుతుంది. నువ్వు చూసిన చోటికి పోవడం నేర్చుకుందంటే ముక్కు వాడటం మానేస్తుంది. స్క్వాడ్‌లో కొత్త హ్యాండ్లర్లు, అంటే కుక్కతో పని చేయించేవాళ్లు, ఎక్కువగా చేసే తప్పు ఇదే, దాన్ని సరిచేయడానికి నెలలు పట్టేది. అది ముక్క కనిపెట్టి తింటుండగానే అదే పెట్టెలో ఇంకో రెండు ముక్కలు వెయ్యి. దొరికిన చోటే బహుమానం రావాలి.

రెండు మూడు రోజులయ్యాక పెట్టెలు ఐదు చెయ్యి. తర్వాత మూతలు సగం వెయ్యి. ఆ తర్వాత పెట్టె ఒకటి కుర్చీ మీద, ఒకటి తులసికోట వెనక పెట్టు. నెల తిరిగేసరికి చికెన్ బదులు నీ పాత దస్తీ దాచు. అది దస్తీ పట్టుకున్నప్పుడు నీ చేతిలోంచి చికెన్ ఇవ్వు.

వెతుకుతున్నప్పుడు దాన్ని దగ్గర నుంచి గమనించు బిడ్డా, అంత మంచి చదువు ఇంకోటి లేదు. ముందు నోరు తెరిచి గబగబా తిరుగుతుంది. వాసన తగలగానే నోరు మూసుకుంటుంది. వగర్పు ఆగి, ముక్కుతో చిన్న చిన్నగా పీల్చే చప్పుడు వినిపిస్తుంది. ఒక్కోసారి పెట్టెను దాటిపోయి, ఎవరో మెడ పట్టి తిప్పినట్టు తల ఒక్కసారిగా వెనక్కి తిప్పుతుంది. అప్పటిదాకా పెద్దగా ఊగిన తోక చిన్నగా, బిరబిరా ఊగుతుంది. ఆ క్షణంలో నువ్వు మాట్లాడకూడదు. "శభాష్" కూడా వద్దు, దాని ధ్యాస చెదురుతుంది. బయట గడ్డిలో ఆడించేటప్పుడు ముందు పిడికెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు వీస్తుందో చూసుకో. గాలి వస్తువు మీదుగా కాటుక వైపు వచ్చేలా నిలబెడితే మొదట్లో తొందరగా దొరుకుతుంది, ధైర్యం వస్తుంది.

ఇంక తిండి సంగతి. దానికి ఎప్పుడూ ఆకలేనని మీ అత్తమ్మ నవ్వుతున్నారన్నావు. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ అనే జన్యువులో కొంత ముక్క సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో ఉండదు, అందుకే అవి తిండి కోసం మరీ ఆత్రపడతాయి. మనుషులకు సాయం చేసే శిక్షణ పొందిన కుక్కల్లో ఈ లోపం ఇంకా ఎక్కువగా కనిపించింది. అంటే మెతుకు మీద ఆశే వాటికి చదువు నేర్పుతోందేమో. నువ్వు పొద్దున గిన్నె నిండా పోసి ముందర పెట్టేస్తున్నావు. పని కాకముందే కూలి మొత్తం ఇచ్చేసినట్టే. రోజు తిండిలో సగం తీసి జేబులో వేసుకో. పిలిస్తే వచ్చినందుకు నాలుగు గింజలు, గేటు దగ్గర ఆగినందుకు రెండు. చికెన్ ఇచ్చిన రోజు ఆ మేరకు గిన్నెలో తగ్గించు. లావెక్కిన లాబ్రడార్‌కి కీళ్లు ముందుగా పోతాయి.

బంతి గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో యాభై సార్లు బంతి విసిరానని గొప్పగా చెప్పావు. ఇక మానెయ్. ప్రతిసారీ ఉరికి, గబుక్కున ఆగి, తిరగడంలో లేత కీళ్ల మీద బరువు పడుతుంది. దానికితోడు బంతి పిచ్చి పడుతుంది, మనిషి గుర్తుండడు. బంతికి బదులు పాత టవల్ గట్టిగా చుట్టి తాడుతో కట్టు, విసిరి తెప్పించడానికి అదే మన డమ్మీ. గోనె సంచి ముక్కతో చేసుకున్నా మంచిదే, కానీ బియ్యం సంచే తీసుకో. ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి వచ్చిన మిర్చి బస్తా మాత్రం వద్దు. ఒకసారి తెలియక నేనే ఆ తప్పు చేశాను. కుక్క గంటసేపు ముక్కు నేలకేసి రాసుకుంది, పక్కన కూర్చుని తడిగుడ్డతో తుడవడం తప్ప ఏం చేయలేకపోయాను.

డమ్మీని పదిసార్లు విసిరితే నాలుగుసార్లే దాన్ని పోనివ్వు. మిగతా ఆరుసార్లు కాటుక నీ పక్కన కూర్చుని ఉండాలి, నువ్వే నడిచి వెళ్లి తెచ్చుకోవాలి. మొదట వణుకుతుంది, మూలుగుతుంది. మెడపట్టీలో వేళ్లు పెట్టి నెమ్మదిగా పట్టుకో, అరవకు. వస్తువు కదలగానే ఉరకాలనిపించినా ఆగడం అది నేర్చుకున్న రోజున, రోడ్డు మీద పిల్లి కనిపించినా నీ చేయి గుంజదు. పరుగు కంటే ఆగడమే దానికి పెద్ద కష్టం, అందుకే ఆ పది నిమిషాలకే బాగా అలుస్తుంది.

పిలిస్తే రావడం లేదన్నావు. పది మీటర్ల నూలు తాడు కొని హార్నెస్‌కి, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీకి, కట్టి వదులు. ఒక్కసారే పిలువు. రాకపోతే దాని వెంట పడకు, నువ్వు వెనక్కి తిరిగి ఉరుకు. వెంబడించేది నువ్వైతే పారిపోవడం దానికి ఆట, పారిపోయేది నువ్వైతే వెంట రావడం ఆట. వచ్చాక ఎంత ఆలస్యమైనా తిట్టకు. తిట్టడానికో, స్నానానికో, ఇంటికి తీసుకుపోవడానికో మాత్రమే పిలుస్తుంటే ఏ కుక్కా రాదు. మధ్యమధ్యలో పిలిచి, ముక్క ఇచ్చి, మళ్లీ ఆడుకోవడానికి వదిలెయ్. నేను సర్వీసులో చేరినప్పుడు చోక్ చైన్, అంటే లాగితే మెడకు బిగుసుకునే గొలుసు, లాగి నేర్పించేవాళ్లం. పని జరిగేది, కానీ చెవులు వెనక్కి పెట్టి, తోక ముడిచి చేసేవి. తిండితో, ఆటతో నేర్పిన కుక్కలు చెప్పకముందే కళ్లలోకి చూసేవి. ఆ తేడా చూశాక మళ్లీ ఆ గొలుసు ముట్టుకోలేదు, నువ్వు కొనొద్దు కూడా.

ఇప్పుడు నాకు చెప్పుకోవడానికి కష్టంగా ఉండే సంగతి. రిటైరయ్యాక ఇంట్లో ఒక పసుపు రంగు లాబ్రడార్‌ని పెంచాను, నీకు గుర్తుండే ఉంటుంది. పదకొండు నెలల వయసులో దాన్ని బైక్ పక్కన ఉరికించేవాణ్ని. ఒకరోజు, మార్చి నెల, పొద్దున తొమ్మిది దాటింది. ఇంకా ఎండకాలం రాలేదు కదా అనుకున్నాను. హసన్‌పర్తి రోడ్డులో దాని నడక తూలింది. నాలుక గరిటెలా వెడల్పై బయటికి వేలాడింది, చిగుళ్లు ఎర్రగా మండుతున్నాయి, నోట్లో చొంగ జిగురులా సాగింది. చేతుల మీద ఎత్తుకుని ఒక చాయ్ హోటల్ ముందున్న బోరింగ్ దగ్గరికి ఉరికాను. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి ఒకరు కొడుతుంటే ఒకరు పోశారు. బతికింది. కానీ ఆ రోజు నా చేతుల్లో దాని ఒంటి వేడి ఇప్పటికీ మరిచిపోలేను.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కొంచెం పడుతుంది. వగర్చడమే దానికి చల్లబడే దారి. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు, మీదికెళ్లి కాటుక నల్లది. మార్చి నుంచి వానలు పడే దాకా పొద్దున ఆరున్నరలోపు ఇంట్లో ఉండాలి, రాత్రి ఎనిమిది దాటాకే మళ్లీ బయటికి. రోడ్డు మీద అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాన్ని నడిపించకు. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 104 దాటితే ప్రమాదం. తూలినా, వగర్పు తగ్గకపోయినా వెంటనే నీడకు చేర్చి, పొట్టా తొడలూ తడిసేలా నీళ్లు ధారగా పోస్తూ గాలి ఆడనివ్వు, ఆ తర్వాత బండెక్కించి డాక్టర్ దగ్గరికి. తడి టవల్ కప్పి వదిలేయకు, లోపలి వేడి బయటికి పోదు. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించకు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

కీళ్ల సంగతీ అంతే ముఖ్యం. పెద్ద జాతి కుక్కల ఎముకల చివర్లు గట్టిపడటానికి సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, లాబ్రడార్లకి తుంటి కీళ్ల జబ్బు మొదటి నుంచీ ఉంది. కాటుకకి తొమ్మిది నెలలే. బైక్ పక్కన పరుగు, సిమెంటు రోడ్డు మీద జాగింగ్, మెట్ల మీంచి దూకడం ఇప్పుడు వద్దు. గడ్డి మీద, మట్టి మీద దాని ఇష్టానికి తిరగనివ్వు. ఒంటికి ఈత చాలా మంచిది, కానీ వడ్డేపల్లి తాగునీటి చెరువు, అందులో దింపకు. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ దగ్గరికి అసలే పోవద్దు. సిమెంటు ఒడ్డు మీద గోళ్లు ఆనవు, ఎంత ఈతగత్తె అయినా పైకి రాలేదు. వానాకాలం అయ్యాక మన ఊరి కుంటకి తీసుకురా, తాడు కట్టి నేనే దింపుతాను.

పడుకోవడం కూడా నేర్పాలి. ఈ వయసు పిల్ల రోజుకి పదిహేను గంటల పైనే నిద్రపోవాలి, మీ ఇంట్లో వచ్చేపోయే జనంతో దానికి నిద్ర చాలడం లేదేమో. సాయంత్రం కొంగు పట్టి లాగడం నిద్ర చాలని చంటిపిల్ల మారాం లాంటిదే. మూలన ఒక పట్టా వేసి, దాని మీద పడుకున్నప్పుడల్లా చప్పుడు చేయకుండా ఒక గింజ పెట్టి వెళ్లిపో. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరూ పలకరించొద్దని ఇంట్లో చెప్పు.

గడ్డిలో తిరిగొచ్చిన ప్రతిసారీ చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు చూడు, వాటితో వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. రేబిస్ టీకా తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టు. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ దానికి అందకూడదు.

ఈ ఆదివారం పొద్దున ఐదున్నరకి మీ ఇంట్లో ఉంటాను. అట్టపెట్టెలు ఒక ఐదు తీసి ఉంచు, నీ పాత దస్తీ ఒకటి ఉతక్కుండా పక్కన పెట్టు. కాటుకకి శనివారం రాత్రి తిండి కొంచెం తగ్గించి పెట్టు, నేనొచ్చేదాకా పొద్దున ఏమీ పెట్టకు.

మీ పెద్దబాపు