పక్క చేను చూసి మందు కొట్టడం

ప్రశ్న: మాది పెనుగొండ దగ్గర పల్లె. మా వారు మూడెకరాలు కౌలుకు చేస్తున్నారు. సార్వాకి (వానాకాలం పంటకు) స్వర్ణ వరి వేశాం. పక్క చేలో వరి రసం పీల్చే దోమకు మందు కొడితే చాలు, సాయంత్రానికల్లా మన చేలోనూ కొట్టాల్సిందే అంటారు. మందులు అరువిచ్చే కొట్టాయనదీ అదే మాట. రైతులకు చేలోనే పాఠాలు చెప్పే పొలంబడిలో విన్నది నేను చెబితే "నీకేం తెలుసు" అంటారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీవారు పక్క చేను చూడటాన్ని తప్పుపట్టకండి. మార్టేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో వచ్చిన మీ స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, ఊరూరా పాకింది అలాగే. ఒకరి చేను పండటం కళ్లారా చూసి, కోతలయ్యాక విత్తనం అడిగి తెచ్చుకునేవారు. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న రైతుల మీద 1943లో వెలువడిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. కొత్త విత్తనం సంగతి ఎక్కువమందికి అమ్మకందారు చెప్పాడు, వేద్దామనే ధైర్యం ఇరుగుపొరుగు ఇచ్చారు.

మీ దగ్గర చిక్కేమిటంటే, ఆ గట్టు మీది నలుగురూ ఒకే కొట్టు మాట వింటున్నారు. పైగా ఆ కొట్టుకే మీరు బాకీ. కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, కాబట్టి కొట్టాయన మాట కాదనడమూ కష్టమే. మీవారి టెన్షన్ నాకు తెలుసు.

నన్నడిగితే, నాట్లకీ కలుపుకీ వచ్చే ఆడవాళ్లతో మాట కలపండి. ఒక్క సీజన్లోనే ఆ ముఠా ఎన్నో ఊళ్ల చేలల్లో వంగి పనిచేస్తుంది. వరి దుబ్బు మొదట్లో దోమ చేరితే గట్టు మీద నిలబడ్డవాళ్ల కంటే ముందు వాళ్లకే కనిపిస్తుంది. వ్యవసాయ శాఖలో ఉన్నప్పుడు ఏ ఊళ్లో ఏం పట్టిందో నేను వాళ్లనే అడిగేవాణ్ణి. రైతు సమావేశాలకు వాళ్లను పిలవకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మీవారితో వాదన పెట్టుకోకండి. పొద్దున్నే చేలోకి వెళ్లి, దుబ్బును పక్కకు వంచి రెండుసార్లు తట్టమనండి. నీళ్ల మీద పడ్డ దోమల్ని ఆయన్నే లెక్కపెట్టమనండి. నాలుగైదు చోట్ల చూడాలి. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనిక (వెన్ను బయటికొచ్చే) దశ నుంచి 20-25 ఉంటేనే మందు. అంతకు తక్కువైతే నీరు తీసి చేను ఆరగట్టండి, యూరియా ఆపండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి మాత్రం పోవద్దు. దోమను తినే సాలీళ్లు చచ్చి, దోమ ఇంకా పెరుగుతుంది.

ఆ లెక్క రైతు సేవా కేంద్రంలో చెప్పి, అవసరమైతే మందు పేరు రాయించుకోండి. వెళ్లేటప్పుడు పక్క చేను రైతునూ వెంటబెట్టుకెళ్లండి. ఆయన కొడుతూనే ఉంటే మీవారికి నిద్రపట్టదు.