గ్రీజ్ ట్రాప్ ఉన్నా హోటల్ ముందు మ్యాన్‌హోల్ ఎందుకు పొంగుతోంది?

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో 80 సీట్ల బిర్యానీ హోటల్. అంట్లు తోమే సింకుల కింద 50 లీటర్ల స్టీలు గ్రీజ్ ట్రాప్ (నీళ్లలోని జిడ్డును ఆపే పెట్టె) ఉంది. అయినా మూడు వారాలకోసారి బయట మ్యాన్‌హోల్ పొంగుతోంది. వేడినీళ్లలో కాస్టిక్ సోడా కలిపి పోస్తే చాలని ప్లంబర్ అంటున్నాడు.

చాలదండీ. వేడినీళ్లకు డాల్డా, నెయ్యి కరుగుతాయి, అంతే. వీధి పైపులో కొంతదూరం పోయి చల్లారగానే మళ్లీ గడ్డకడతాయి. మీ పైపు బాగుపడ్డట్టే ఉంటుంది, అడ్డు మాత్రం పక్కవాళ్ల గుమ్మం ముందుకు జరుగుతుంది. కాస్టిక్ ఇంకా చెడ్డది. జిడ్డు విరిగి వచ్చే ఆమ్లాలు సిమెంటు పైపులోని కాల్షియంతో కలిసి గట్టి తెల్లటి ముద్దలవుతాయి. ఆ తర్వాత వాటిని కొట్టి తీయడమే గతి. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద 250 మీటర్ల పొడవున పేరుకున్న 130 టన్నుల ముద్దలోనూ ఇలాంటి కొవ్వే ఉంది. ఎంజైమ్ పొడులను కూడా ట్రాప్ శుభ్రం చేయడానికి బదులుగా వాడకండి.

అసలు లోపం ట్రాప్ కొలతలో ఉంది. ట్రాప్ జల్లెడ కాదు. నీళ్లు లోపల కదలకుండా కాసేపు ఆగితేనే జిడ్డు పైకి తేలుతుంది. లెక్క చూడండి: 60×45×30 సెంటీమీటర్ల సింకు నిండా పడితే 81 లీటర్లు. ముప్పాతిక నిండిన మూడు సింకులు ఒకేసారి వదిలితే 180 లీటర్లు, రెండు నిమిషాల్లో ఖాళీ అవుతాయి. అంటే నిమిషానికి 90 లీటర్లు. 50 లీటర్ల పెట్టెలో ఆ నీళ్లు అరనిమిషం పైన కాస్త మాత్రమే ఉంటాయి. అప్పటికే సగం తెట్టు కట్టి ఉంటే అదీ ఉండదు. పైగా వేడి సబ్బునీళ్లలో నూనె సన్నటి బిందువులుగా చెదిరిపోతుంది, అంత తొందరగా తేలదు.

కాబట్టి బయట పెద్ద గ్రీజ్ ట్రాప్ తొట్టి కట్టించుకోవాలి. మధ్యాహ్నం రద్దీ గంటలో వంటగదికి ఎన్ని నీళ్లు పోతున్నాయో ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం చూసి కొలవండి. గంటకు 2,000 లీటర్లు అనుకుంటే, అరగంట నిలవడానికి 1,000 లీటర్లు కావాలి. తెట్టుకూ, అడుగున చేరే మడ్డికీ మరో 500 కలపండి. పొడవు 1.6, వెడల్పు 0.8, నీటి లోతు 1.2 మీటర్లు ఉంటే సరిపోతుంది. మధ్యలో గోడ కట్టి మొదటి గదికి మూడింట రెండు వంతులు ఇవ్వండి. గోడలోని దారి నీటి మట్టానికి బాగా కింద, మడ్డికి పైన ఉండాలి. లోపలికి వచ్చే పైపుకూ, బయటికి పోయే పైపుకూ టీలు (ఇంగ్లిష్ T ఆకారపు పైపు ముక్కలు) నిలువుగా బిగించాలి. బయటి టీ కింది కాలు తొట్టి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఆగాలి. చాలాచోట్ల ఈ కాలే ఊడిపోయి ఉంటుంది, పైనున్న తెట్టు నేరుగా వీధిలోకి పోతుంది. ఇప్పుడున్న చిన్న ట్రాప్‌కు కూడా ముందు దీన్నే చూడండి. టీల పైభాగం తెరిచే ఉంచి, రెండు గదుల మీదా ఎత్తగలిగే మూతలు పెట్టించండి. వంటగది నేల కాలువను తొట్టికి కలపాలి, మరుగుదొడ్డి పైపును ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. జలమండలి అడిగే సిల్ట్ చాంబర్ ఉంది కదా, ఇదెందుకు అనుకోవద్దు. అది మునిగే మట్టినీ మెతుకులనూ ఆపడానికి, తేలే నూనెను ఆపడానికి కాదు.

శుభ్రం చేయడానికి తారీఖు కాదు, కొలత ముఖ్యం. కర్ర చివర చిన్న అడ్డపలక కొట్టి లోపలికి దింపి, పైకి లాగుతూ ఉంటే తెట్టు అడుగు చేతికి తెలుస్తుంది. మరో కర్రకు తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా దింపితే మడ్డి ఎంత ఉందో మరక చెబుతుంది. రెండూ కలిపి నీటి లోతులో 25 శాతం, అంటే ఇక్కడ 30 సెంటీమీటర్లు, దాటకముందే తీయించాలి. మొదట్లో వారం వారం కొలవండి. ఐదు వారాలకు నిండుతోందంటే నాలుగు వారాలకే పిలవండి. పైతెట్టు ఒక్కటే తోడితే లాభం లేదు, మొత్తం ఖాళీ చేయించి గోడలు గీకించాలి. తర్వాత మంచినీళ్లతో నింపాకే వాడాలి. ఖాళీ తొట్టిలోకి జిడ్డునీళ్లు వదిలితే, మట్టం పెరిగేటప్పుడు తేలిన జిడ్డు బయటి టీ కాలులోకి దూరి మొట్టమొదట అదే బయటపడుతుంది.

తొట్టిలోకి మనిషిని దింపకండి. కుళ్లిన మడ్డిని కదిపితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో ప్రాణం తీస్తుంది. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నిషేధించింది కూడా. సక్షన్ ట్యాంకర్‌తోనే తీయించి, అది ఎక్కడ పారబోస్తారో అడిగి రాసిపెట్టుకోండి. పక్క మ్యాన్‌హోల్‌లోనే వదిలేస్తే చేసిందంతా వృథా.

తొట్టికి చేరే జిడ్డును తగ్గించడం అన్నిటికన్నా చవక. బిర్యానీ డేగిశాలను నీళ్లు తగలకముందే గీకి, పాత పేపరుతో తుడిపించండి. పళ్లేలకు రబ్బరు గీకుడు బద్ద చాలు. మరిగిన నూనెను వేరే డబ్బాలో పోసి, అనుమతి ఉన్న సేకరణదారులకు ఇవ్వండి. 2018 జులై 1 నుంచి పోలార్ కాంపౌండ్లు (నూనెను మళ్లీ మళ్లీ మరిగిస్తే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్లు లెక్క రాయాలి. ట్రాప్‌లో తీసిన తెట్టును మాత్రం ఆ డబ్బాలో కలపకండి, నూనె మొత్తం పాడవుతుంది.

మురుగు కాలువలోకి వదిలే నీళ్లలో నూనె, జిడ్డు లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర ప్రమాణం. తొట్టి తర్వాత చిన్న నమూనా గుంట కట్టిస్తే రద్దీ వేళ పరీక్షకు నీళ్లు పట్టొచ్చు. గాజు సీసాలోనే పట్టండి, ప్లాస్టిక్‌కు జిడ్డు అంటుకుని లెక్క తగ్గుతుంది.

కొత్త తొట్టి కలిపేముందు పాత పైపుకు జెట్టింగ్ (గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టి శుభ్రం చేయడం) చేయించండి. కింది మ్యాన్‌హోల్ నుంచి పైకి కొట్టించి, కొట్టుకొచ్చే ముద్దలను అక్కడే జాలీ పెట్టి ఎత్తించాలి. వదిలేస్తే అవి వీధి మలుపు దగ్గర మళ్లీ ఇరుక్కుంటాయి.