మొదటి ఇంటి లెక్క

చిరంజీవులు మాధవికి, కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరు హొరమావులో మీరు చూసొచ్చిన ఫ్లాటు గురించి మీ అమ్మ చెప్పింది. ధర 60 లక్షలు, మీ చేతిలో 14 లక్షలు, మిగతాది లోన్. ఇల్లు కొనాలన్న మీ ఆలోచన నాకు చాలా సంతోషం. కానీ బ్యాంకులో హౌసింగ్ లోన్ల సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని, ఆ లెక్క వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే ఫోన్లో కాకుండా వివరంగా రాస్తున్నాను.

30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్ అయితే, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వరు. అంటే 48 లక్షలు. 12 లక్షలు మీరు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు, అది మీ జేబులోంచే పోవాలి. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఇంటికి స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి. రిజిస్ట్రేషన్ ఫీజు కూడా 2025 ఆగస్టు ఆఖరు నుంచి 1 శాతం పోయి 2 శాతమైంది. అన్నీ కలిపితే 7.6 శాతం, మీ ఫ్లాటుకు నాలుగున్నర లక్షల పైమాటే. ఇక ప్రాసెసింగ్ ఫీజు, లాయరు, అసోసియేషన్ డిపాజిట్, కబోర్డులు, ఫ్యాన్లు ఉండనే ఉన్నాయి. ఇంకా కడుతున్న బిల్డింగైతే 5 శాతం జీఎస్టీ, మరో 3 లక్షలు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చేశాక అమ్మే ఇంటికి ఆ జీఎస్టీ ఉండదు.

చూశారా, మీ 14 లక్షలు గృహప్రవేశం దాకా కూడా రావు. ఆ తేడాకు పర్సనల్ లోన్ తీసుకోవద్దు. అమ్మ నగలు తాకట్టు పెట్టొద్దు, ఆవిడ తనంతట తాను ఇస్తానన్నా సరే. ఇంటి లోన్‌తో పాటు ఇంకో రెండు అప్పులు మోస్తూ, మూడో ఏడాదికే ఇల్లు అమ్మడానికి పెట్టిన జంటలను నేను నా టేబుల్ ముందే చూశాను.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. మీ ఈఎంఐ మీ ఇద్దరిలో ఒక్కరి జీతంతో కట్టగలిగేలా ఉండాలి. బ్యాంకు రెండు జీతాలూ కలిపి చూసి ఎక్కువ లోన్ ఇస్తానంటుంది, ఇవ్వనీ. ఇస్తామన్నదంతా తీసుకోవాలని లేదు. రేపు పాపో బాబో పుడితే మాధవి కొన్నాళ్లు ఇంట్లో ఉండాలనుకోవచ్చు, లేదా కిరణ్ కంపెనీలో ఉద్యోగాలు తీసేయొచ్చు. ఈ ఊళ్లో ఐటీ వాళ్లకు అది కొత్త కాదు. 48 లక్షలకు 8 శాతం వడ్డీ మీద 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 40,150. మొదటి నెల అందులో 32,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది ఎనిమిది వేల చిల్లర. 20 ఏళ్లూ కడితే వడ్డీ కూడా 48 లక్షలు దాటుతుంది.

అదే 42 లక్షల ఇల్లయితే మీరు పెట్టాల్సింది 8.4 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు మహా అయితే 3.2, ఈఎంఐ 28 వేల చిల్లర. ఆ ధరకు కొత్తది దొరకడం కష్టమే. కెంగేరి వైపో, ఎలక్ట్రానిక్ సిటీ దాటాకో పదేళ్ల పాత రెండు బెడ్‌రూముల ఫ్లాటు వెతకండి. 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో నడుస్తోంది కాబట్టి మాధవికి ఆఫీసు దూరమూ కాదు. అప్పటికీ మీ చేతిలో మిగిలేది కొద్దే కాబట్టి ఒక ఏడాది ఆగమంటాను. ఈ ఏడాది అద్దె కడుతూనే ఆ 28 వేలు నెలనెలా బ్యాంకు ఆర్డీలో వేయండి. వేయగలిగితే ఇల్లు మోయగలరో లేదో మీకే తెలుస్తుంది, ఆరు నెలల ఖర్చూ పక్కన పడుతుంది.

ఇక కాగితాలు. ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరి పేర ఉందో చూపే కార్పొరేషన్ డిజిటల్ పత్రం, లేనిదే ఇప్పుడు రిజిస్ట్రేషన్ జరగదు. అది ఏ ఖాతానా (అన్నీ నిబంధనల ప్రకారం ఉన్నది), బీ ఖాతానా (అనుమతుల్లో లోపం ఉన్నది) చూడండి. బీ ఖాతా అయితే, రేపో మాపో ఏ ఖాతా అవుతుందని బ్రోకర్ ఎంత నమ్మకంగా చెప్పినా ఆ మాట మీద కొనొద్దు. అయ్యాకే మాట్లాడదామనండి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టుల వివరం), మదర్ డీడ్ (ఆస్తి మొదట ఎవరిదో చెప్పే పాత దస్తావేజు), శాంక్షన్ ప్లాన్, ఓసీ అన్నీ అడగండి. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, కళ్లెదుట ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 2024 అక్టోబరులో మీ హొరమావు పక్కనే బాబూసాబ్‌పాళ్యలో కడుతున్న భవనం కూలి కూలీలు చనిపోయారు. దానికి అనుమతికి మించి అంతస్తులు వేశారు. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఓసీ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు భద్రత. మీ తరఫున వేరే లాయరును పెట్టుకోండి, ఆ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి.

రిజిస్ట్రేషన్ తక్కువకు చేసుకుని మిగతాది నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. ఇంటి విషయంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా పత్రంలో ధర తగ్గితే లోన్ కూడా తగ్గుతుంది.

నీళ్ల సంగతి బిల్డర్‌ని కాదు, వాచ్‌మన్‌ని, మెట్లమీద కనిపించే ఆడవాళ్లను అడగండి. కావేరి కనెక్షన్ ఉందా, ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా అని. గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్లి ఆ వీధి చూసి రండి. 2025 మేలో హొరమావు సాయి లేఅవుట్‌లో ఇళ్లలోకే నీళ్లు వచ్చాయి. మీరు చూసిన ఫ్లాటుకు రాజకాలువ (వాన నీళ్లు పోయే పెద్ద కాలువ) ఎంత దూరంలో ఉందో కనుక్కున్నారా?

టోకెన్ అడ్వాన్స్ అంటూ ఇంకా ఏమీ ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఇవ్వకండి. వాళ్లిచ్చిన కాగితాల జిరాక్సులు తీసుకుని ఆదివారం మల్లేశ్వరం రండి, భోజనం చేసి కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. కిరణ్ జీతం స్లిప్పు, మాధవి జీతం స్లిప్పు కూడా తెచ్చుకోండి.

మీ పెద్దమ్మ